మన్యపు భూములు – విడతల శాసనములు

గోదావరికి తూర్పున భద్రాచలము, పడమట బూర్గంపాడు, పాల్వంచ. ఇరువైపులను కోయగూడెములే, పోడు సేద్యమే, వేసవి వచ్చినచో తునికాకు కోతయే. అయినను 1860లో నిజాము భద్రాచల ప్రాంతమును ఆంగ్లేయులకు వదలుకొన్న నాటినుండి ఈ రెండు తీరములును రెండు శాసనవ్యవస్థలకు లోబడినవి. తొలుత మధ్యపరగణాలలోనున్న భద్రాచలము 1874లో మద్రాసు రాజధానికి, గోదావరి జిల్లాకు సంక్రమించెను.

1879 నాటి రంప పితూరీ భద్రాచల ప్రాంతపు రేకపల్లి వరకును ప్రాకిన పిదపగూడ, కొండవాని భూమి షావుకారు చేతబడకుండ ఆపు శాసనమొకటి రూపొందుటకు దొరతనమునకు సుమారు నలువదేండ్లు పట్టినది. 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టము, కొండజాతివాడు తన భూమిని ఇతరులకు అమ్మినచో ఆ విక్రయము చెల్లదని శాసించెను. శాసించుచునే, ఏజెంటుగారి లిఖితపూర్వకమైన అనుమతి యున్నచో చెల్లునని ఒక దారి విడిచెను. ఏజెంటనగా జిల్లా కలెక్టరే. అర్జీ వ్రాయ నేర్చినవాడు షావుకారు, వేలిముద్ర వేయువాడు కోయ. ఆ దారి యెవరికి ఉపకరించియుండునో వివరింపనక్కరలేదు. ఆవలితీరమున నిజాము ప్రభుత్వము మేల్కొనుటకు 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము ప్రాణము లర్పింపవలసివచ్చెను. అటుపిమ్మట మానవశాస్త్ర పండితుడు హైమెండార్ఫు యాలోచనలు, నిజాము ఫసలీ లెక్కలో 1356, 1359 నాటి నిబంధనలు వెలువడెను.

రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు మన్యమునకు నిబంధనలు చేయు అధికారమును గవర్నరున కొసగినది. అయితే గిరిజన సలహామండలిని సంప్రదింపకయు, రాష్ట్రపతి ఆమోదము పొందకయు ఏ భూనిబంధనయు చెల్లదు. ఈ జాగ్రత్త నిష్కారణమైనది కాదు. నేటి కంప్యూటరు నిపుణులును, ఏ ఫైలు నెవరు తెరువవచ్చునో నిర్ణయించు కట్టడిలో లోపము కనబడినప్పుడు, సవరణను మొదట కొన్ని యంత్రములపై పరీక్షించి, పిదపనే తక్కినవాని కంపుదురు. తొందరపడినచో అర్హుడు సైతము వెలుపల నిలిచిపోవును. అయితే లోపము లోకమునకు తెలిసిన దినమునకును, సవరణ అందిన దినమునకును నడుమనున్న కాలమంతయు ఆ లోపము నెరిగినవానిదే.

మన్యమున జరిగినదియు నదియే. 1959 మార్చి 4న అమలులోనికి వచ్చిన భూబదలాయింపు నిబంధన ఆంధ్ర ప్రాంతపు ఏజెన్సీకే వర్తించెను; తెలంగాణమునకు 1963 డిసెంబరు 1న గాని విస్తరింపలేదు. విచిత్రమేమన, ఆ 1959లోనే భద్రాచలము తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు మారినది. ఒకే కలెక్టరు, ఒకే నది. తూర్పుతీరమున కొత్త శాసనము, పడమటితీరమున నిజాము నాటి నిబంధనలు! పైగా 1917 నాటి లోపమును కొత్త శాసనమును పదిలముగా కాపాడుకొన్నది: అనుమతి యున్నచో అమ్మకము చెల్లును.

ఆ దారి 1970 ఫిబ్రవరి 3న మూతబడినది. శ్రీకాకుళపు కొండలు భగ్గుమనిన పిదప వచ్చిన ఆ సవరణనే మన్యమున నేటికిని ‘1/70 చట్టము’ అందురు. అనుమతి ప్రసక్తియే తొలగినది. గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునకు సైతము అమ్మరాదు. గిరిజనునకో, గిరిజనుల సహకార సంఘమునకో మాత్రమే అమ్మవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, గిరిజనేతరుని స్వాధీనమందున్న భూమి, అట్లు కాదని అతడు రుజువు చేయునంతవరకు, గిరిజనునినుండి వచ్చినదిగనే భావింపబడును. అంతకుముందు కోర్టు మెట్టెక్కి సాక్ష్యము వెదకవలసినవాడు కోయ. ఇక కాగితములు చూపవలసినవాడు స్వాధీనదారుడు. నా దృష్టిలో ఈ శాసనచరిత్రమందు నిజముగా తెలివైన వాక్యమదియొక్కటియే.

తక్కినవి త్వరగా చెప్పవచ్చును. 1978లో అట్టి దస్తావేజుల రిజిస్ట్రేషను నిషిద్ధమై, ఉల్లంఘనకు శిక్ష యేర్పడెను. 1988లో సుప్రీంకోర్టు 1970 సవరణను సమర్థించెను. 1997లో సమతా తీర్పు, ప్రభుత్వము సైతము మన్యపు భూమిని గిరిజనేతరునకు గనుల కౌలుకు ఇయ్యరాదని తేల్చినది. అయినను తెల్లకాగితపు సాదాబైనామాలును, గిరిజన స్త్రీని పెండ్లాడి ఆమె పేర పట్టా పొందు బినామీ సేద్యమును ఆగిపోలేదు.

1970 సవరణకు వెనుకటికి వర్తించు శక్తి లేదు. కావున అంతకుముందు గిరిజనేతరుల నడుమ చేతులు మారిన భూములు దానికి అందలేదు. నన్నడిగినచో, 1970లో వ్రాసిన వాక్యమును 1959లోనే, రెండు తీరములకును ఒక్కనాడే వ్రాయవలసినది.