అనారోగ్యపు నిధి - రోగి వాకిలి



వైద్యపు బీమా యననేమో మన పల్లెలలో నేడు వేఱుగ వివరింప బనిలేదు. కథలాపూరున గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని, గుండెకు శస్త్రచికిత్స కావలసివచ్చిన యింట మొదట వినబడు మాట ఆరోగ్యశ్రీయే. పదిమంది సొమ్మును ఒకచోట చేర్చి, ఆపదపాలైన వానిని ఆదుకొనుట బీమా. ఇది మంచి ధర్మమే. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఆ నిధి రోగిని ఎక్కడ కలిసికొనుచున్నది? పట్టణపు దవాఖానాలో మంచము కడనా, లేక వాని యింటి వాకిటనా? కలవారికిని లేనివారికిని ఆరోగ్యమున గల భేదము తగ్గుటయు తగ్గకుండుటయు పెక్కుమార్లు ఈ ప్రశ్నకు వచ్చు జవాబుపై ఆధారపడినవి. ఆ చరిత్రను కొంత మనవిచేసెదను.

1883 జూన్ 15వ తేదీని జర్మనీ దేశమున కార్మికుల అనారోగ్య బీమా చట్టము పుట్టెను. అప్పటి ఛాన్సలరు బిస్మార్కు. చందాలో రెండుపాళ్లు కార్మికుడును, ఒకపాలు యజమానియు చెల్లింపవలెను. జబ్బుపడి పనికి పోలేని దినములకు కొంత కూలియు, వైద్యమును, మందులును నిధి యిచ్చెడిది. కూలి యిచ్చుటతోనే అనుమానము కూడ పుట్టెను. జబ్బని చెప్పినవాడు నిజముగా మంచమునబడి యున్నాడో, ఊరక తిరుగుచున్నాడో కనిపెట్టుటకై నిధివారు తనిఖీదారులను ఇండ్లకు పంపుచుండిరి.

ఆ తనిఖీదారులు మోసమును వెదుక బోయి మఱియొకదానిని కనుగొనిరి. బెర్లిను నగరమున వర్తకుల, గుమాస్తాల అనారోగ్య నిధికి ఆల్బర్టు కోన్ అను నాయన పెద్దగా నుండెను. ఆయన ఆధ్వర్యవమున 1901 మొదలు 1920 వఱకు రోగుల ఇండ్ల స్థితిగతులను విచారించి, లెక్కలు వ్రాసి, ఛాయాచిత్రములతో ప్రకటించిరి. నేలమాళిగలలో కాపురములు, గాలి చొరని గదులు, చెమ్మ పట్టిన గోడలు, తనకని వేఱుగ మంచము లేక ఇతరులతో కలిసి పండుకొను క్షయరోగులు ఆ పుటలలో కనబడిరి. మందు సీసాకు నిధి ఎంత వెచ్చించినను, రోగి తిరిగి ఆ గదికే పోవుచుండెను. అతని ప్రక్కన పండుకొన్న బిడ్డ మఱుసటి యేట ఆ నిధికే రోగియై రావచ్చును. బీమాలెక్కల పుస్తకము ఆ విధముగ బస్తీల బీదతనమునకు సాక్ష్యపత్రమయ్యెను.

ఆ దేశముననే 1889లో వృద్ధులకును, పనిచేయు శక్తి కోల్పోయినవారికిని మఱియొక బీమా చట్టము వచ్చి, 1891 నుండి అమలు జరిగెను. క్షయ వలన నడివయసుననే పని విడిచిన కార్మికునకు ఆ సంస్థలు ఏండ్లతరబడి భరణమియ్యవలసి వచ్చెను. అప్పుడు వారు వేసిన లెక్క సులభమైనది. వానికి బ్రదికినన్నాళ్లు భరణమిచ్చుటకంటె, ముందే వైద్యము చేయించుట మేలు. ఆ తలంపుతో క్షయరోగుల ఆరోగ్యశాలలు కట్టించిరి. కార్మికుల గృహనిర్మాణమునకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చిరి. ఇల్లు కట్టించుట బీమావారి పనియా యని అడిగినవారుండవచ్చును. గాలి, వెలుతురు గల యిల్లు కూడ మందే యని ఆ సంస్థల ఖాతాలు జవాబు చెప్పెను.

అమెరికాలో ఈ పనిని లాభము కోరు వ్యాపార సంస్థయే చేపట్టెను. మెట్రోపాలిటన్ జీవితబీమా కంపెనీ బీదకార్మికుల యిండ్లకు ఏజెంట్లను పంపి, వారమునకు కొలది కాసుల చొప్పున వసూలు చేసెడిది. న్యూయార్కు పేటలలో ఇంటింట తిరిగి రోగులకు సేవచేయు దాదుల వ్యవస్థను నెలకొల్పిన లిలియన్ వాల్డ్ అను విదుషి తోడ్పాటుతో, 1909లో ఆ కంపెనీ తన పాలసీదారుల యిండ్లకు దాదులను పంపుట మొదలుపెట్టెను. బాలింతను చూచుట, పసిబిడ్డకు పాలు పట్టు విధము నేర్పుట, దగ్గువానిని వేఱుగ పరుండబెట్టుమని చెప్పుట వారి పని. 1917లో ఫ్రామింగ్‌హాం అను చిన్న పట్టణమున, అదే కంపెనీ సొమ్ముతో, ఊరివారిని పరీక్షించి క్షయను ముందే పట్టుకొను ప్రయత్నము సాగెను. కొన్ని యేండ్లలో ఆ పట్టణమున క్షయమరణములు సగముకంటె ఎక్కువగా తగ్గెను. కంపెనీకి ఇది దానము కాదు. పాలసీదారుడు బ్రదికినన్నాళ్లు కిస్తీ వచ్చును, చనిపోయిన నాడు సొమ్ము పోవును. కాని లాభపులెక్కతో మొదలైనది ఆ లెక్కతోనే ముగియును. దాదుల సేవ 1953లో నిలిచిపోయినది.

ఇక మన దేశమునకు వత్తము. 1948లో కార్మికుల రాజ్యబీమా చట్టము, అనగా ఈయస్సై, వచ్చెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను ఢిల్లీలోను అది ప్రారంభమయ్యెను. యంత్రశక్తితో నడచి, 20 మందికి తక్కువకాని పనివారు గల కార్ఖానాలకు ఆ చట్టము మొదట వర్తించెను. పిదప ఆ సంఖ్య 10కి దిగెను. సిరిసిల్ల సంగతి మీకు తెలియును. అక్కడ నాలుగు సాంచలో ఎనిమిది సాంచలో ఉన్న ఆసామి కొట్టమే కార్ఖానా. లెక్కకు పదిమంది లేని చోట రాత్రియుపగలును సాంచల చప్పుడులో నిలిచి పనిచేయువాడు ఆ చట్టమునకు కార్మికుడుగా కనబడలేదు. 2005లో కేంద్రప్రభుత్వము ఐసీఐసీఐ లాంబార్డు కంపెనీ ద్వారా నేతవారికి ఆరోగ్యబీమా నేర్పరచెను. కుటుంబమునకు ఏడాదికి 15,000 రూపాయలు. అందు 7,500 రూపాయలు దవాఖానాలో చేరకుండ పైపై వైద్యమునకే కేటాయింపబడెను. జ్వరమును దగ్గును కూడ లెక్కకు తెచ్చిన బీమా యిది. అయినను అది చేమగ్గపు నేతవారికే గాని సాంచలవారికి గాదు.

కోరుట్ల, కథలాపూరు వైపున ఆడువారికి బీడీయే జీవనాధారము. 1976లో బీడీకార్మికుల సంక్షేమనిధి చట్టము వచ్చెను. వేయి బీడీలకింత యని సుంకము వసూలుచేసి, ఆ సొమ్ముతో బీడీకార్మికులకు దవాఖానాలు నడపిరి. ఏ పని వలన జబ్బు వచ్చునో ఆ పనిమీదనే పన్ను వేసి, ఆ పనివారికే వైద్యము చేయుట ఇందలి న్యాయము. 2017లో వస్తుసేవల పన్ను వచ్చుటతో ఆ సుంకము రద్దయ్యెను. కాని ఒళ్లో చేట పెట్టుకొని, తంబాకు దుమ్ము పీల్చుచు, నడుము వంచి కూర్చుండు స్త్రీ శ్రమ రద్దు కాలేదు.

ఆరోగ్యశ్రీ కథ యిది. గొప్ప జబ్బు వచ్చిన బీదవారు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీలు పెట్టుకొనుచుండిరి. 2004 మే 14 మొదలు 2007 జూన్ 26 వఱకు 55,362 మందికి 168.52 కోట్ల రూపాయలు ఆ విధముగ ఇయ్యబడెను. అర్జీ పెట్టుట తెలిసినవానికే సాయమందు ఆ పద్ధతిని మార్చి, నాటి ముఖ్యమంత్రియు వైద్యుడునైన రాజశేఖర రెడ్డిగారి ప్రభుత్వము 2007 ఏప్రిల్ 1న మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీని ప్రారంభించెను. మొదట స్టార్ హెల్త్ అను బీమా కంపెనీ దీనిని నడపెను. 2008 జులై నాటికి అన్ని జిల్లాలకు వ్యాపించినది. కొన్ని చికిత్సలను ప్రభుత్వపు ట్రస్టే నేరుగా చేపట్టెను. తెల్లకార్డు గల కుటుంబమునకు ఒకటిన్నర లక్ష, అవసరమైనచో మఱి యేబదివేలు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి ఆ పరిమితి 10 లక్షలకు పెరిగెను.

అర్జీ హక్కుగా మారుట చిన్న సంగతి కాదు. పొలమమ్మి గుండెకు చికిత్స చేయించుకొను దుస్థితి నుండి ఎన్నో యిండ్లు బయటపడెను. అయినను జబ్బు ముదిరి పెద్ద దవాఖానా చేరిన పిమ్మటనే ఈ నిధి తలుపు తెఱచును. మూత్రపిండములు చెడినవానికి వారమునకు రెండుమూడు మార్లు రక్తశుద్ధి చేయించుటకు సొమ్ము కలదు. పది సంవత్సరముల ముందు వాని రక్తపుపోటును, మధుమేహమును కనిపెట్టి మందు మ్రింగించు భారము ఈ నిధిది కాదు. ఆ పని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు విడువబడినది. ఈ రెంటి ఖాతాలు వేఱగుటచేత, ముందు మిగిల్చిన రూపాయి తరువాత పదిరూపాయలుగా పోవుట ఎవరికిని కనబడదు.

దుబాయి, మస్కటు పోవు మన పిల్లల సంగతియు నిట్టిదే. వారికొఱకు 2003లో ప్రవాసి భారతీయ బీమా ఏర్పడెను. 2017 నాటి సవరణ ప్రకారము రెండేండ్లకు 275 రూపాయల కిస్తీతో, ప్రమాదమున మరణించినచో 10 లక్షలు. ప్రమాదమనుమాట ఇందు కీలకము. ఎండలో పనిచేసి, గదికి వచ్చి నిద్రలో గుండె ఆగి చనిపోయిన వానిది ప్రమాదముగా లెక్కకు రాలేదు. ఇచ్చట కూడ నిధి చావుకాగితమును చూచినదే కాని, ఆ చావునకు దారితీసిన పనిని, ఎండను, పదిమంది పడుకొను గదిని చూడలేదు.

కావున నేను విన్నవించునది ఒక్కటే. నిధి వాకిటికి రావలెను. ఇది క్రొత్త కోరిక కాదు. జర్మనీలో 2015 నాటి చట్టము ప్రకారము అనారోగ్య నిధులు 2016 నుండి సభ్యుడొక్కనికి ఏడాదికి కనీసము 7 యూరోలు జబ్బు రాకుండ చేయు పనులకు వెచ్చింపవలసివచ్చెను. చికిత్సకే సొమ్ము చాలదను వాదము వినదగినదే. కాని రోగులను తయారుచేయు గది యట్లే యున్నంతకాలము చికిత్సకు ఎంత సొమ్మును చాలదు.

మన యూళ్ల వఱకు చేయదగినది కొంత కలదు. ఆరోగ్యశ్రీలో చేరిన దవాఖానాలు పల్లెలలో ఉచిత వైద్యశిబిరములు జరుపవలెనన్న నియమము ఆ పథకము తొలినాళ్లలోనే ఏర్పడెను. శిబిరము ఎక్కడ, ఎవరి కొఱకు అను మాటలో గ్రామపెద్దలకు చోటున్నది. ఊరి నడిమి బడిలో మధ్యాహ్నము పెట్టిన శిబిరమునకు బీడీల లెక్క అప్పజెప్పవలసిన స్త్రీ రాలేదు. రాత్రి పాలీ చేసి నిద్రించు సాంచల పనివాడు రాడు. బీడీలు అప్పజెప్పుచోటనే, సాంచల వాడలోనే, గల్ఫు నుండి సెలవుపై వచ్చినవారు ఇంటనుండు నెలలోనే దానిని పెట్టుడని అడుగవచ్చును. ఏ వాడనుండి ఏ జబ్బుతో ఎందఱు పెద్ద దవాఖానాకు పోయిరో గ్రామసభలో ఏటేట చదివించవచ్చును. పేర్లక్కఱలేదు, వాడయు, పనియు, జబ్బును చాలును.

2022లో జగిత్యాలకును, 2023లో సిరిసిల్లకును ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. పట్టణపు దవాఖానా మనకు కొంత దగ్గఱయైనది. అచ్చటి పడుచు వైద్యులు రోగి మంచము కడ నుండి వాని వాకిటి వఱకు నడచి వచ్చుటకు దారి చూపవలసినవారు, ఆ వాకిళ్లను ఎఱిగిన మీరే.