సీ, డీ, ఈ, ఎఫ్: ఒక పంపకాల కథ

మా పాత లాప్‌టాప్‌లో సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపించడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. మొన్న సెలవుల్లో కాస్త తీరిక దొరికితే దాని సంగతేదో చూద్దామని కూర్చున్నాను. ఆ రాత్రి నేను చేసిన తెలివితక్కువ పని వల్ల ఈ పార్టిషన్ల పుట్టుపూర్వోత్తరాలు చదవాల్సొచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ లాప్‌టాప్ 2010లో సికింద్రాబాద్‌లో కొన్నది. కొట్లో కుర్రాడు విండోస్ ఎక్కిస్తూనే 500 జీబీ డిస్కును నాలుగు ముక్కలు చేసిచ్చాడు. "వైరస్ వస్తే సీ ఒక్కటే ఫార్మాట్ కొట్టుకోవచ్చు సార్, మిగతావి సేఫ్" అన్నాడు. అప్పట్లో మనవైపు ఏ కంప్యూటర్ చూసినా ఇదే వరస. సీలో విండోస్, డీలో ఆఫీసు పనులు, ఈలో ఫొటోలూ పాటలూ, ఎఫ్‌లో సినిమాలు. అమెరికా వచ్చాక మా ఆఫీసులో వాళ్ళ లాప్‌టాప్‌లలో ఒక్క సీ మాత్రమే కనిపిస్తే, వీళ్ళకి జాగ్రత్త తెలీదనుకునేవాణ్ణి.

సీ నిండింది, డీ దాదాపు ఖాళీ. డీని తీసేసి ఆ చోటు సీకి కలిపేద్దామనుకున్నాను. డీ తీసేశాను. విండోస్ ఆ చోటును ఆకుపచ్చగా చూపించింది కానీ, సీని పెంచే మాట మాత్రం మీట నొక్కనివ్వలేదు. సరే, మిగతావీ తీసేస్తే పోతుందని, అన్నీ బయటి డిస్కులోకి ఎక్కించాననే ధీమాతో ఈ, ఎఫ్ కూడా తీసేశాను. సీని పెంచబోతూ ఎందుకైనా మంచిదని బయటి డిస్కు తెరిచి చూస్తే, "నాన్న" అనే ఫోల్డర్ లేదు.

నాన్న పోయేముందు ఏడాది, ఫోన్లో నేను రికార్డు చేసుకున్న పోతన పద్యాలవి. నలభై దాకా ఉంటాయి. మధ్యమధ్యలో దగ్గు, అమ్మ వంటింట్లోంచి పిలవడం, అన్నీ ఉంటాయి వాటిలో. మరో కాపీ లేదు. ఎఫ్‌లో కాపీ ఒకటి ఉంచాను కదా అని ఎప్పుడూ నిశ్చింతగా ఉండేవాణ్ణి. ఆ ఎఫ్ కూడా అదే డిస్కు మీద ఉన్న ముక్కేనని ఆ రాత్రి గుర్తొచ్చింది.

లాప్‌టాప్ ఆపేసి, ఇక దాన్ని ముట్టుకోకుండా, వేరే కంప్యూటర్ ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

నేనుండే శాన్‌హోసేలోనే హార్డ్ డిస్క్ పుట్టింది. 1956లో ఐబీఎమ్ వాళ్ళు ఇక్కడి ప్రయోగశాలలో తయారుచేసిన ర్యామాక్ యంత్రంలో, 24 అంగుళాల వెడల్పున్న పళ్ళేలు యాభై ఒకదాని మీద ఒకటి తిరిగేవి. టన్ను బరువున్న ఆ డిస్కులో పట్టేది 50 లక్షల అక్షరాలు. యంత్రం అద్దె నెలకు 3,200 డాలర్లు. అంత ఖరీదైన చోటును ముక్కలు చేసుకోవాలన్న అవసరం అప్పుడెవరికీ లేదు.

ఇళ్ళలో, ఆఫీసుల్లో వాడే చిన్న కంప్యూటర్లకు ఆ అవసరం 1983లో వచ్చింది. ఆ ఏడు మార్చిలో ఐబీఎమ్ పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్ డిస్కుతో వచ్చింది. ఏ, బీ అక్షరాలు అప్పటికే ఫ్లాపీలవి. అందుకే హార్డ్ డిస్కు సీ అయింది. ఫ్లాపీలు పోయి ఇన్నేళ్ళయినా ఆ రెండక్షరాలూ అలాగే ఖాళీగా ఉన్నాయి. దానితో వచ్చిన డాస్ 2.0, డిస్కులో మొట్టమొదటి 512 బైట్ల సెక్టార్‌లో ఒక చిన్న పట్టిక పెట్టింది. పట్టిక మొత్తం 64 బైట్లు. ఒక్కో వరస 16 బైట్లు, వెరసి నాలుగు వరసలు. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎంత దూరం ఉందో అందులో రాసుంటుంది. ఒకే డిస్కు మీద డాస్‌తో పాటు వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లు కూడా కాపురం ఉండాలన్నది ఉద్దేశం. నాలుగు చాలనుకున్నారు.

తర్వాత డిస్కులు పెరిగాయి, డాస్ పెరగలేదు. సెక్టార్లను 16 బిట్లతో లెక్కపెట్టేది కాబట్టి 65,536 సెక్టార్లు దాటి చూడలేదు. ఒక్కోటీ 512 బైట్లు, అంటే 32 ఎంబీ. అంతకు మించిన డిస్కు కొన్నవాడు దాన్ని ముక్కలు చేసుకోక తప్పదు. నాలుగు వరసలు చాలవు కనుక 1987లో డాస్ 3.3తో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ వచ్చింది. నాలుగింటిలో ఒక వరసను పెద్ద ఆవరణగా తీసుకుని, అందులో ఎన్ని లాజికల్ డ్రైవ్‌లైనా కట్టుకోవచ్చు. ఒక్కో దాని ముందు ఒక చీటీ, తర్వాతిది ఎక్కడుందో అందులో. డీ, ఈ, ఎఫ్‌ల వరస మనకు ఇలా అబ్బింది. సీని పెంచే మీట నాకెందుకు పనిచెయ్యలేదో కూడా ఇక్కడే అర్థమైంది. డీ ఖాళీ అయినా ఆ చోటు ఆవరణ గోడ లోపలే ఉంది, సీ గోడ బయట ఉంది.

1988లో డాస్ 4తో 32 ఎంబీ హద్దు పోయింది కానీ కొత్త చిక్కొకటి వచ్చింది. ఫ్యాట్16 పద్ధతిలో పార్టిషన్ ఎంత పెద్దదైతే, ఫైలుకిచ్చే గది అంత పెద్దది. 1 జీబీ దాటితే ఒక్కో గది 32 కేబీ. నాలుగు వాక్యాల ఉత్తరం రాసినా అది 32 కేబీ ఆక్రమిస్తుంది. అదే 512 ఎంబీకి లోపు ముక్కలు చేసుకుంటే గది 8 కేబీకి మించదు. అంటే 90లలో డిస్కును ముక్కలు చెయ్యడం నిజంగా పొదుపే. 1996లో ఫ్యాట్32 వచ్చాక ఆ లెక్క మారిపోయింది. కానీ మా కొట్టు కుర్రాడికి పని నేర్పినవాడికి ఆ పాత లెక్కే వచ్చుంటుంది.

ఇదంతా చదువుతుండగానే అమ్మ ఫోన్ చేసింది. గొంతు పట్టేసి విషయం చెప్పాల్సొచ్చింది.

"పార్టిషనంటే? పొలం పంపకాల్లాంటిదేనా?"

"అలాంటిదేనమ్మా. హద్దులు చెరిపేశాను."

"గట్టు తీసేస్తే పొలం ఎక్కడికి పోతుందిరా? కరణం పుస్తకంలో లేదని పంట మాయమవుతుందా?"

అమ్మకి కంప్యూటర్ తెలీదు కానీ ఆవిడన్నది అక్షరాలా నిజం. పార్టిషన్ తీసెయ్యడమంటే ఆ పట్టికలోనూ చీటీల్లోనూ వరసలు కొట్టెయ్యడమే. లోపలి ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి, వాటిమీద మరోటి రాసేదాకా. సీని పెంచి ఉంటే, విండోస్ ఆ చోట కొత్తవి రాయడం మొదలుపెట్టేది.

డిస్కు విప్పి, యూఎస్‌బీ తీగతో వేరే కంప్యూటర్‌కి తగిలించాను. టెస్ట్‌డిస్క్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటుంది. డిస్కంతా మొదట్నించీ చివరిదాకా వెతికి, పాత పార్టిషన్ల ఆనవాళ్ళు పట్టుకుంటుంది. గంటలు పట్టింది. తెల్లవారుజామున మూడు వరసలు తెర మీదకొచ్చాయి. రెండోది "ఈ". లోపలికెళ్తే "నాన్న" ఫోల్డర్. పట్టికను సరిచెయ్యబోకుండా ముందు వాటిని వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాను. నలభయ్యొకటి ఉన్నాయి. మొదటిది వింటూ అక్కడే కూర్చుండిపోయాను.

ఇప్పటి లాప్‌టాప్‌లలో ఆ 64 బైట్ల పట్టిక ఏలుబడి పోయింది. 512 బైట్ల సెక్టార్లతో అది 2 టీబీ దాటి చూడలేదు. దాని స్థానంలో జీపీటీ అనే పట్టిక వచ్చింది (ఇప్పుడందరి నోటా ఉన్న జీపీటీ వేరు). విండోస్‌లో 128 పార్టిషన్ల దాకా చేసుకోవచ్చు, పట్టికకు నకలు డిస్కు చివర్న కూడా ఉంటుంది. అయినా సీకి ఆనుకుని కుడిపక్కన ఖాళీ ఉంటేనే విండోస్ దాన్ని పెంచనిస్తుంది. చాలాసార్లు అక్కడ రికవరీ పార్టిషన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది. ఇంకో మాట. నాది పాతకాలపు తిరిగే డిస్కు కాబట్టి బతికిపోయాను. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటుంది. ఖాళీ అని చెప్పిన చోటును డిస్కే తుడిచేసుకుంటుంది. అక్కడ నాకు దొరికిన అదృష్టం మీకు దొరక్కపోవచ్చు.

ఆ కుర్రాడి మాటలో సగం నిజముంది. విండోస్ పాడైతే డీ, ఈ మిగులుతాయి. డిస్కే పాడైతే నాలుగూ కలిసే పోతాయి. ఒక డిస్కులో రెండు డ్రైవ్‌లలో పెట్టుకున్నది రెండు కాపీలు కాదు.

నాన్న పద్యాలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. మా ఇంట్లో బయటి డిస్కులో ఒకటి, చెల్లెలి దగ్గర ఒకటి. మూడోది పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మకి పంపాను. టీవీకి తగిలించుకుని రోజూ పొద్దున్నే వింటోందట.