వాటాలు తేల్చిన ఒప్పందాలు

1900 మే 19న, ఆఫ్రికాను పంచుకున్న ఐరోపా ప్రభుత్వాలు లండన్‌లో ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. అక్కడి అడవి జంతువులను కాపాడడం దాని ఉద్దేశం. జిరాఫీని, గొరిల్లాను చంపకూడదన్నారు. సింహం, చిరుత, మొసలి హాని చేసేవి కాబట్టి వాటి సంఖ్య తగ్గించాలన్నారు. మొసలి గుడ్లు కనబడితే నాశనం చేయమన్నారు. ఆ అడవుల్లో తరతరాలుగా బతుకుతున్న మనుషుల మాట ఎవరూ అడగలేదు. వేటకు వెళ్లే దొరల కోసం రాసినట్టున్న ఆ పత్రానికి తగినన్ని ఆమోదాలు దొరకలేదు, అది అమలుకే నోచుకోలేదు. 1933లో అదే నగరంలో కుదిరిన రెండో ఒడంబడిక మాత్రం 1936లో అమల్లోకి వచ్చింది. నేషనల్ పార్కు ఎలా ఉండాలో దేశాలన్నీ కలిసి రాసుకున్నది అందులోనే. స్థానికుల విషయంలో ధోరణి మాత్రం మారలేదు.

ఈ నూట పాతికేళ్ల చరిత్రలో కుదిరిన ఒప్పందాలకు లెక్కలేదు. వాటిలో కొన్ని జంతువులను నిజంగా బతికించాయి, చాలావాటికి ఉత్సవాలే మిగిలాయి. ఎవరు ఏం వదులుకోవాలి, బదులుగా వారికి ఏం దక్కుతుంది అన్నది ముందే తేల్చుకున్న చోట ప్రాణులు తిరిగి పెరిగాయి. ఆ లెక్కను దాటవేసిన చోట ఎంత మంచి మనసుతో మొదలుపెట్టినా పని సగంలో ఆగింది.

దీనికి తొలి సాక్ష్యం ఉత్తర పసిఫిక్‌లో దొరుకుతుంది. ఉన్ని సీళ్లు పిల్లల్ని కనేది అమెరికా అధీనంలోని ప్రిబిలాఫ్ దీవుల్లో, రష్యా, జపాన్‌ల అధీనంలోని మరికొన్ని దీవుల్లో. మేతకు మాత్రం నడిసముద్రానికి వెళ్తాయి. కెనడా, జపాన్ ఓడలు వాటిని అక్కడే కాల్చేవి. తుపాకీ దెబ్బ తిన్నవాటిలో చాలా సీళ్లు చేతికి చిక్కకుండా మునిగిపోయేవి. తల్లి చస్తే ఒడ్డున ఎదురుచూసే పిల్ల ఆకలితో చచ్చేది. లక్షల్లో ఉండే మందలు కరిగిపోయాయి. 1911 జులైలో అమెరికా, రష్యా, జపాన్, కెనడా తరఫున బ్రిటన్ వాషింగ్టన్‌లో కూర్చుని బేరం తెగ్గొట్టుకున్నాయి. నడిసముద్రపు వేట పూర్తిగా బంద్. దానికి బదులుగా అమెరికా తన దీవుల్లో తీసిన చర్మాల్లో 15 శాతం కెనడాకు, 15 శాతం జపాన్‌కు ఇస్తుంది. మిగిలిన దేశాలకూ ఇలాగే లెక్కలు రాసుకున్నారు. మూడు దశాబ్దాల్లో ప్రిబిలాఫ్ మంద పది లక్షలు దాటింది. యుద్ధం ముంచుకొచ్చి 1941లో జపాన్ తప్పుకునేదాకా ఆ ఒప్పందం చెక్కుచెదరలేదు. ఒక్క అన్యాయం మాత్రం చెప్పుకోక తప్పదు. దీవుల మీద చర్మాలు ఒలిచే పని చేసింది అలూట్ ప్రజలు. నాలుగు ప్రభుత్వాల పంపకంలో వాళ్లకు చోటు లేదు, అక్కడ సర్కారు కూలీలుగా బతికారు.

తిమింగలాల దగ్గరికి వచ్చేసరికి ఈ పాఠాన్ని మరిచిపోయారు. 1946 నాటి తిమింగలాల ఒప్పందం మొత్తం వేటకు ఏడాదికో పరిమితి పెట్టింది కానీ ఏ దేశానికి ఎంత అని పంచలేదు. ఓడలకు విడివిడిగా కోటా ఇవ్వకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. దాంతో సీజన్ మొదలైన రోజు నుంచీ పోటీయే. ఎవరు ముందు చంపితే వాళ్లదే లాభం. నీలి తిమింగలం దాదాపు అంతరించే దశకు చేరాక 1960ల నడుమ దాని వేట ఆపారు. వ్యాపార వేట అంతటినీ ఆపాలన్న నిర్ణయం 1982 దాకా రాలేదు.

1970ల దశకం ఒప్పందాల కాలం. 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్‌లో చిత్తడి నేలల ఒప్పందం, 1972లో ప్రపంచ వారసత్వ ఒప్పందం, 1973లో అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్, అదే ఏడాది ఓస్లోలో ధ్రువపు ఎలుగుబంట్ల ఒప్పందం, 1979లో వలస జీవుల కోసం బాన్ ఒప్పందం. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎలుగుబంటి గురించి ఒక మాట మీదికి రావడం ఇప్పటికీ అబ్బురమే. ఆ ఒప్పందం ఆర్కిటిక్ ఆదివాసుల సంప్రదాయ వేటను తోసిపుచ్చలేదు. అది నిలవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

ఆ కాలంలోనే దక్షిణ అమెరికాలో జరిగింది తెలుగువాళ్లకు పెద్దగా తెలియదు. ఆండీస్ పీఠభూమిలో తిరిగే వికూన్యా ఒంటె జాతి జంతువు. దాని ఉన్ని లోకంలోని అతి సన్నటి ఉన్నిల్లో ఒకటి. ఇన్కా రాజుల కాలంలో మందను చుట్టుముట్టి పట్టుకుని, ఉన్ని కత్తిరించి వదిలేసేవారు. తుపాకులు వచ్చాక చంపి ఒలవడం మొదలైంది. 1960ల నాటికి కొన్ని వేలే మిగిలాయి. 1969లో పెరూ, బొలీవియా లా పాజ్‌లో వేటను నిషేధించే ఒప్పందం చేసుకున్నాయి, తర్వాత అర్జెంటీనా, చిలీ చేరాయి. 1979లో లిమాలో రాసుకున్న కొత్త ఒప్పందం మరో అడుగు వేసి, మంద పెరిగాక వచ్చే ఆదాయం ఆండీస్ ప్రజలదేనని ఒప్పుకుంది. బతికున్న జంతువు నుంచి కత్తిరించిన ఉన్ని వ్యాపారానికి సైటిస్ 1987లో దారి తెరిచింది. గ్రామాలు మళ్లీ పాత పద్ధతిలో మందలను చుట్టుముట్టాయి. ఇవాళ వికూన్యాలు నాలుగు లక్షలు దాటాయి. ఐరోపా దుకాణంలో పలికే ధరలో ఆ గ్రామానికి చేరేది బహు స్వల్పం, ఆ లెక్క ఇంకా సరిపడలేదు. అయినా కాపలా కాసేవాడికి వాటా ఉండాలన్న సూత్రం ఒక అంతర్జాతీయ ఒప్పందంలోకి ఎక్కడం చిన్న సంగతి కాదు.

మన పులి కథలోనూ బయటి చేయి ఉంది. 1969లో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మహాసభ పులుల వేట ఆపమని కోరింది. ప్రపంచ వన్యప్రాణి నిధి ప్రతినిధి గై మౌంట్‌ఫర్ట్ ఇందిరాగాంధీని కలిసి, ఆ సంస్థ తరఫున పది లక్షల డాలర్లు సమకూరుస్తామన్నాడు. 1972 లెక్కలో దేశంలో తేలినవి 1,827 పులులు. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 2010లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 13 దేశాలు పన్నెండేళ్లలో పులులను రెట్టింపు చేస్తామని మాట ఇచ్చాయి. 2009లో 121 ఉన్న నేపాల్ 2022కి 355కు చేరింది, మన దేశపు అంచనా 3,682. అదే మాట ఇచ్చిన కంబోడియా, లావోస్, వియత్నాం అడవుల్లో నేడు పులి లేదు. సంతకం అందరిదీ ఒకటే. అడవిలో రాత్రి గస్తీ తిరిగే మనిషికి జీతం, ఉచ్చు పెట్టేవాడికి వేరే బతుకుతెరువు ఉన్నాయా లేదా అన్న దగ్గరే తేడా వచ్చింది. ఆఫ్రికాలోనూ ఇదే కనిపిస్తుంది. ఉగాండా, రువాండా, కాంగోలు యుద్ధాల నడుమ కూడా పర్వత గొరిల్లాలను కాపాడుకున్నాయి; 1981లో ఒక అడవిలో 254 ఉండేవి, ఇప్పుడు మరో అడవిలోని మందతో కలిపి వెయ్యి దాటాయి. రువాండా 2005 నుంచి పార్కు ఆదాయంలో 5 శాతం, 2017 నుంచి 10 శాతం చుట్టుపక్కల ఊళ్లకు ఇస్తోంది. కానీ ఉగాండాలో 1991లో పార్కుల పేరుతో అడవి నుంచి గెంటేసిన బట్వా ఆదివాసులు ఇప్పటికీ నేల కోసం తిరుగుతున్నారు.

మంచి మనసు ఒక్కటే చాలదనడానికి సైబీరియా కొంగను మించిన ఉదాహరణ లేదు. బాన్ ఒప్పందం కింద 1993లో మొట్టమొదటి అవగాహన పత్రం దీని కోసమే రాశారు. అమెరికా, రష్యా శాస్త్రవేత్తలు గుడ్లను విమానాల్లో మోసుకెళ్లి పొదిగించారు, పిల్లల్ని రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు తెచ్చి వదిలారు. అయితే ఆ కొంగ దారి అఫ్ఘానిస్తాన్ మీదుగా సాగుతుంది. యుద్ధంలో నలిగిన అక్కడి పల్లెల్లో వేటగాడికి ఈ పత్రాలతో పనేముంది? 2002 తర్వాత భరత్‌పూర్‌కు ఆ కొంగలు రాలేదు.

తెలుగు నేలకూ ఈ ఒప్పందాలు చేరాయి. 2002లో కొల్లేరుకు రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. నాలుగేళ్లకు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సుకు అది అవసరమే, చెరువులు పోయిన చిన్న రైతుకు ఏం దక్కాలన్నది మాత్రం నేటికీ నలుగుతోంది. శేషాచలం ఎర్రచందనాన్ని సైటిస్ 1995లో తన రెండో జాబితాలో చేర్చింది. దుంగకు బయటి దేశంలో ఉన్న గిరాకీ తగ్గలేదు. 2015 ఏప్రిల్ 7న ఆ కొండల్లో పోలీసు కాల్పులకు 20 మంది తమిళనాడు కూలీలు బలయ్యారు. వ్యాపారంలో అట్టడుగున ఉన్న మనిషి మీదే భారమంతా పడింది. ఈ మధ్య జాతీయ జీవవైవిధ్య సంస్థ ఆ వ్యాపారంలో వసూలైన ప్రయోజన వాటాను ఎర్రచందనం పెంచిన రైతులకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆలస్యమైనా సరైన దారి.

2012 అక్టోబర్‌లో జీవవైవిధ్య ఒప్పంద దేశాలు మన హైదరాబాద్‌లోనే కూర్చున్నాయి. పేద దేశాలకు వెళ్లే నిధులను 2015 కల్లా రెట్టింపు చేయాలని తీర్మానించాయి, మన దేశం 5 కోట్ల డాలర్లు ప్రకటించింది. పదేళ్ల తర్వాత మాంట్రియల్‌లో, 2030 నాటికి భూమిలో 30 శాతం, సముద్రంలో 30 శాతం రక్షిత ప్రాంతాలు కావాలన్నారు. 2024లో కొలంబియాలోని కాలీలో డబ్బు దగ్గరే సభ ఆగిపోయింది, 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. అక్కడ ప్రారంభమైన కాలీ నిధిలో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సమాజాలకు వెళ్లాలని రాసుకున్నారు. నల్లమలలో కృష్ణకు ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, అటు అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు. రెండింట్లోనూ బేస్ క్యాంపుల్లో పులికి కాపలా ఉన్నవాళ్లలో చెంచు ఆదివాసులున్నారు. కాలీ నిధిలోని ఆ సగంలో వాళ్ల పెంటలకు, అంటే గూడేలకు, చేరాల్సింది ఎంతో, ఏ ఖాతా ద్వారా చేరుతుందో ఢిల్లీ, అమరావతి, హైదరాబాద్ ఇప్పుడే రాసిపెట్టాలి.