కళ్లంలో మొదటి కుంచం

ఆ ఎండుగడ్డి ఇంకో గుప్పెడు ఎగదోయండర్రా, మంట దిగిపోతోంది. మా చిన్నప్పుడు కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు "ఒకటి" అన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు. మొదటి కుంచం "లాభం". ఆ తరవాతే రెండు, మూడు.

ఎడ్ల బంతితో తొక్కించి, తూర్పారబట్టి, రాశి పోశాక కొలిచేవాడు తలగుడ్డ బిగించి కూర్చునేవాడు. "లాభం... లాభం... లాభం" అంటూనే కుంచం ముంచి, తలకొట్టి, గోనెలోకి దిమ్మరించేవాడు. రెండోది ముంచేదాకా ఆ మాట నోట్లో ఆడుతూనే ఉండాలి. లేకపోతే పక్కవాడి కబుర్లలో పడి లెక్క తప్పుతుంది. ఏడు దగ్గరికొస్తే మళ్లీ నాలిక మడతేసి "ఆరున్నొక్కటి" అనేవాడు, పంట ముందు ఏడుపు మాట దేనికని! నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి.

ఇది మన ఒక్కళ్ల చాదస్తం కాదులే. తమిళదేశంలోనూ మొదటి కొలత లాభమే. ఉత్తరాదిన తూకాల దగ్గర "బరకత్" అంటారు.

మన కృష్ణ ఒడ్డున మాత్రం ఆ మాటకి బరువెక్కువ. 1832-33లో నందన కరువొచ్చింది. గుంటూరు సీమలో దాన్నే డొక్కల కరువన్నారు. పక్కనే కృష్ణమ్మ పారుతున్నా పొలానికి నీళ్లెక్కే దారి లేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాకే కాలవల కింద మాగాణి పెరిగింది.

మరి లాభం అని పిలిచినవాడికి లాభం దక్కిందా? అది వేరే కథ. చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి మేరలు కళ్లంలోనే కొలిచెయ్యాలి. అది న్యాయమే, ఏడాది పొడుగునా చేసినవాళ్లు. ఆ తరవాత కౌలు గింజలు, ఆపైన షావుకారు అప్పు. చివరికి కౌలురైతు ఇంటికి చేరేవి రాశి అడుగున మిగిలిన మట్టిగింజలే. అయినా మరుసటేడు మళ్లీ ఆ గొంతు "లాభం" అనే ఎత్తుకునేది. అంత ఆశరా మనవాళ్లది!

1956లో కిలోల చట్టం వచ్చాక కుంచాలు మెల్లిగా అటకెక్కాయి. ఇప్పుడు కోత మిషను పొలంలోనే గింజ రాలుస్తోంది. 75 కిలోల బస్తాని కాటా మీద పెడితే అంకె అదే చూపిస్తుంది, నోటితో పనేముంది?

మనింట్లో ఇత్తడి సోల ఒకటి ఇంకా ఉంది. పాతసామాన్లవాడికి వెయ్యకండి. రేపు భోగికి పొంగలి బియ్యం దాంతోనే కొలవండి. మొదటిదానికి మాత్రం "లాభం" అనండి.