నోటిలోని హెలికోబ్యాక్టర్ పైలోరీ, కడుపు చికిత్సపై దాని ప్రభావం

హెలికోబ్యాక్టర్ పైలోరీ కడుపు లోపలి పొరను ఆశ్రయించి గ్యాస్ట్రైటిస్‌కు, అల్సర్లకు, కొందరిలో క్యాన్సర్‌కు దారితీసే బాక్టీరియా. పళ్ల పాచిలోనూ లాలాజలంలోనూ దీని జాడలు దొరుకుతాయి. మందులు వాడినా కడుపులో ఇది పోకపోవడానికి, పోయి మళ్లీ రావడానికి నోరు ఒక కారణమా అన్నది మూడు దశాబ్దాలకు పైగా పరిశోధకులు తేల్చాలని చూస్తున్న ప్రశ్న.

పరిశోధన చరిత్ర

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 1982లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బాక్టీరియాను తొలిసారి ప్రయోగశాలలో పెంచారు. అందుకు 2005లో నోబెల్ బహుమతి పొందారు. 1989లో కెనడా పరిశోధకులు పళ్ల పాచి నుంచి దీన్ని వేరుచేశారు. పాచి దీనికి శాశ్వత స్థావరమా అని 1991లో ముంబై వైద్యబృందం ప్రశ్నించింది.

తెలుగునాట ఈ పరిశోధనకు హైదరాబాద్ కేంద్రమైంది. దక్కన్ వైద్య కళాశాలలో సి.ఎం. హబీబుల్లా బృందం 2005లో రోగుల లాలాజలాన్ని పీసీఆర్‌తో (డీఎన్‌ఏ జాడను పట్టే పరీక్షతో) పరీక్షించి, బాక్టీరియా తీవ్రతకు సంబంధించిన జన్యువులను గుర్తించింది. ఎండోస్కోపీ లేకుండానే పరీక్షించే మార్గాన్ని ఆ పని చూపింది.

చికిత్సకు అడ్డంకి

పాచిలో బాక్టీరియా జిగురు పొర చాటున గుంపులుగా బతుకుతుంది. మింగిన యాంటీబయాటిక్ అక్కడికి తగినంతగా చేరదు. దీనికి మందులకు లొంగని గుణం తోడైతే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్ కూడా పాల్గొన్న 2003 నాటి బహుకేంద్ర అధ్యయనంలో, భారతీయ నమూనాల్లో 77.9 శాతం మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌కు లొంగలేదు.

నోటి బాక్టీరియా కడుపు చికిత్సకు అడ్డమా అన్న ప్రశ్నను 2000లో జపాన్ అధ్యయనం ఒకటి నేరుగా పరిశీలించింది. నోటిలో బాక్టీరియా ఉన్నవారిలో సుమారు 52 శాతానికి, లేనివారిలో సుమారు 92 శాతానికి కడుపు చికిత్స ఫలించింది. 2009లో సెర్బియాలో మందులతో పాటు, పాచిని తొలగించే చిగుళ్ల చికిత్స కూడా పొందినవారిలో 77.3 శాతానికి నయమైంది. మందులు మాత్రమే వాడినవారిలో అది 47.6 శాతమే.

వాదప్రతివాదాలు

నోటిలో దొరికేది స్థిరనివాసి కాదనీ, కడుపు నుంచి పైకి తన్నుకొచ్చిన ద్రవంతో వచ్చిపోయేదనీ కొందరి వాదం. పీసీఆర్‌లో జాడ దొరికినా, బతికున్న బాక్టీరియాను పెంచడం చాలాసార్లు సాధ్యం కాలేదు. 2016లో కాక్రేన్ సంస్థ సమీక్ష ఏడు చిన్న అధ్యయనాలను పరిశీలించి, చిగుళ్ల చికిత్స జోడిస్తే ఫలితం మెరుగవుతుందని తేల్చింది. పెద్ద అధ్యయనాలు ఇంకా అవసరమనీ చెప్పింది.

చిగుళ్ల చికిత్స యాంటీబయాటిక్‌లకు ప్రత్యామ్నాయం కాదు, వాటికి తోడు మాత్రమే. అయినా జబ్బు తిరగబెట్టిన రోగిని మరో మందుల కోర్సుకు పంపే ముందు పళ్లూ చిగుళ్లూ చూపించడం వల్ల నష్టమేమీ లేదు. కడుపు వైద్యులూ దంతవైద్యులూ కలిసి ఆలోచించాల్సిన అవసరాన్ని ఈ చరిత్ర గట్టిగా గుర్తుచేస్తోంది.