పచ్చి అల్లం: ఫ్రిజ్ ఉన్నా, లేకున్నా ఎలా నిల్వ చేసుకోవాలి?

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో సివిల్ సర్వీసెస్ తదితర పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులు పెద్ద సంఖ్యలో అద్దె గదుల్లో నివసిస్తారు. కూరగాయల టోకు వ్యాపారానికి పేరొందిన ఆజాద్‌పూర్ మండీ ఇక్కడికి దగ్గరే. అందువల్ల అల్లం దొరకడం కష్టం కాదు. టీకో, కూరకో చిన్న ముక్క వాడుకున్నాక మిగిలినదాన్ని కాపాడుకోవడమే కష్టం. ఒక్కరే వండుకునే గదిలో 100 గ్రాముల అల్లం కూడా సగం వాడేలోపే ఎండిపోవడమో, బూజు పట్టడమో జరుగుతుంది.

ఎందుకు పాడవుతుంది?

అల్లం వేరు కాదు, నేలలో పెరిగే కాండం. దాన్ని కొమ్ము అంటారు. తవ్వి తీసిన తరువాత కూడా అందులో జీవం ఉంటుంది. గాలి పొడిగా ఉంటే తేమను కోల్పోయి ముడుచుకుపోతుంది. తడి నిలిస్తే కుళ్లిపోతుంది. ఢిల్లీలో ఈ రెండు ప్రమాదాలూ ఉన్నాయి. మే, జూన్ నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలు, వడగాలులు అల్లాన్ని ఎండబెడతాయి. జులై, ఆగస్టు నెలల ఉక్కపోత బూజుకు అనుకూలిస్తుంది.

కొనేటప్పుడు

నిల్వకు ముదురు అల్లమే తగినది. కొమ్ము గట్టిగా, బరువుగా, ముడతలు లేకుండా ఉండాలి. లేత అల్లంలో నీరు ఎక్కువ, తొక్క పలుచన. దాన్ని త్వరగా వాడేయాలి.

ఫ్రిజ్ లేకపోతే

అల్లాన్ని కడగకుండా మట్టి మాత్రమే దులపాలి. విరిచిన చోటు ఆరిన తరువాత, మట్టికుండలో శుభ్రమైన ఇసుక పోసి అందులో పూడ్చి, నీడలో ఉంచాలి. వేసవిలో ఇసుకపై కొద్దిగా నీళ్లు చిలకరించాలి. వానాకాలంలో ఇసుక పొడిగానే ఉండాలి. రైతులు విత్తనపు అల్లాన్ని గోతుల్లో ఇసుక పొరల మధ్య దాచడంలోని సూత్రం ఇదే. మూతి బిగించిన పాలిథిన్ కవరులో బయట ఉంచితే లోపల చెమ్మ చేరి అల్లం కుళ్లుతుంది.

ఫ్రిజ్ ఉంటే

తొక్క తీయని అల్లాన్ని పొడి కాగితంలో చుట్టి, కవరులో పెట్టి కూరగాయల అరలో ఉంచితే సుమారు 3 నుంచి 4 వారాలు నిలుస్తుంది. కాగితం తడిస్తే మార్చాలి. అల్లానికి అనువైన ఉష్ణోగ్రత 12 నుంచి 14 డిగ్రీలు. ఫ్రిజ్‌లో చలి అంతకన్నా ఎక్కువ కాబట్టి మరీ ఎక్కువ రోజులుంచితే మెత్తబడుతుంది. తొక్క తీసినదాన్ని మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచి వారంలోగా వాడాలి. తురిమి, చిన్న ఉండలుగా చేసి ఫ్రీజర్‌లో ఉంచితే దాదాపు 6 నెలలు వాడుకోవచ్చు.

ఈ జాగ్రత్త తప్పనిసరి

ఇంట్లో నూరిన అల్లం వెల్లుల్లి ముద్దపై నూనె పోసి గదిలోనే ఉంచడం ప్రమాదకరం. గాలి తగలని ఆ స్థితిలో బోటులిజం అనే ప్రాణాంతక వ్యాధికి కారణమయ్యే బ్యాక్టీరియా విషాన్ని తయారుచేయవచ్చు. రంగు, వాసన మారకపోయినా ఆ విషం ఉండవచ్చు. ఫ్రిజ్ లేనివారు ఏ పూటకాపూట నూరుకోవడమే క్షేమం.

ఏది తినవచ్చు, ఏది పారేయాలి?

మొలకెత్తిన అల్లం తినవచ్చు. మొలకెత్తిన బంగాళాదుంపలో పెరిగే విషపదార్థం దీనిలో ఉండదు. కొన్ని రకాలను కోసినప్పుడు కనిపించే నీలి వలయం సహజమైనదే. కొద్దిగా ముడుచుకున్న అల్లాన్ని టీలో వేసుకోవచ్చు. మెత్తబడి నీరు కారుతున్నా, బూజు పట్టినా, దుర్వాసన వస్తున్నా పారేయాలి.