సొరముక్కు లారీలు, ఏడో నెంబరు రోడ్డు

1950ల్లో పారిస్ నుంచి మధ్యధరా తీరానికి వెళ్లే రోడ్డు పక్కన పెరిగిన ఫ్రెంచి పిల్లలకు, ఎదురుగా వచ్చే లారీ ఏ కంపెనీదో తెలుసుకోవడానికి పేరు చదవాల్సిన పని ఉండేది కాదు. సొరచేప మూతిలా ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ ఉంటే అది విల్లెం. రేడియేటర్ మీద రైలింజన్ బొమ్మ ఉంటే బెర్లియే. బెర్నార్, యూనిక్, లాతిల్, సోమ్యువా, ఇలా ప్రతి కంపెనీకీ ఒక ముఖం, ఒక ఇంజన్ చప్పుడు ఉండేవి. ఇవాళ షోరూము నుంచి బయటికొచ్చే ఏ కొత్త లారీ మీదా ఈ పేర్లలో ఒక్కటి కూడా కనబడదు.

ఫ్రాన్స్‌లో ఈ లారీల మీద ఉన్న మమకారం చాలా గాఢమైనది, కొంచెం విచిత్రమైనది కూడా. ఎందుకంటే ఇవి డ్రైవర్‌ను సుఖపెట్టిన బండ్లు కావు. ఇంజన్ మీద, ఛాసిస్ మీద ఇంజినీర్లు పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా చాలాకాలం డ్రైవర్ కూర్చునే చోటు మీద పెట్టలేదు. ఎండాకాలం ఉడికిపోతూ, చలికాలం వణికిపోతూ, ఒళ్లంతా బలం పెట్టి స్టీరింగ్ తిప్పినవాళ్లే వీటిని ఎక్కువగా ప్రేమించారు. ఫ్రెంచి లారీ చరిత్రను క్యాబిన్‌లోంచి చూస్తే ఆ ప్రేమకు కారణం కొంత అర్థమవుతుంది.

తనంత తాను కదిలే సరుకు బండి పుట్టింది ఫ్రాన్స్‌లోనే. సైన్యం కోసం ఫిరంగులు లాగడానికి నికొలా జోసెఫ్ కూన్యో 1769-70లో మూడు చక్రాల ఆవిరి బండి తయారు చేశాడు. అది మనిషి నడకను మించి పోలేదు. పారిస్‌లోని ఆర్ట్స్ ఎ మెతియే మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అయితే ఫ్రాన్స్‌ను నిజంగా లారీల దేశం చేసింది లియోన్ నగరానికి చెందిన మారియుస్ బెర్లియే. అతను 1905లో తన కార్ల డిజైన్లను తయారు చేసుకునే హక్కును అమెరికన్ లోకోమోటివ్ కంపెనీకి అమ్మాడు. ఆ ఒప్పందానికి గుర్తుగానే రైలింజన్ బొమ్మ బెర్లియే బండ్ల ముందుకొచ్చి, డెబ్భై ఏళ్లకు పైగా అక్కడే ఉండిపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముంగిట బెర్లియే తెచ్చిన మోడల్ పేరు సిబిఎ. గట్టి రబ్బరు టైర్లు, వెనక చక్రాలను తిప్పే గొలుసులు, ముందు భాగంలో హ్యాండిల్ తిప్పితే గానీ లేవని ఇంజన్. డ్రైవర్‌కు తలుపు లేదు, ముందు అద్దం లేదు, నెత్తిమీద ఒక కప్పు మాత్రం ఉండేది. ఈ బండి గొప్పతనమంతా దాని మొండితనంలోనే ఉంది. 1916 ఫిబ్రవరిలో జర్మన్ సేనలు వెర్దన్ మీద విరుచుకుపడినప్పుడు ఆ కోటకు పెద్ద రైలు మార్గాలు తెగిపోయాయి. మిగిలినవి ఒక చిన్న మీటర్ గేజ్ లైను, బార్-ల-ద్యూక్ నుంచి వెర్దన్ వరకు ఒక మట్టి రోడ్డు.

ఆ రోడ్డు మీద జరిగింది సరుకు రవాణా చరిత్రలో ఒక మలుపు. వారానికి సుమారు 90,000 మంది సైనికులు, 50,000 టన్నుల సామగ్రి ఆ దారినే వెళ్లాయి. రద్దీ బాగా ఉన్న రోజుల్లో సగటున పద్నాలుగు సెకన్లకు ఒక బండి చొప్పున రాత్రీ పగలూ నడిచింది. రోడ్డును భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికి ఒక్కో బృందాన్ని కాపలా పెట్టారు. ముందు బండిని దాటి వెళ్లడం నిషేధం. చెడిపోయిన లారీని బాగుచేస్తూ కూర్చోకుండా పక్క కాలువలోకి తోసేసేవారు. వయసు మళ్లిన రిజర్వు సైనికులు పక్క గనుల్లోంచి రాయి తవ్వి, పారలతో నేరుగా చక్రాల కిందికి విసిరేవారు. వెళ్లే లారీలే దాన్ని తొక్కి రోడ్డు చేసేవి. రచయిత మోరిస్ బారెస్ ఈ దారికి పవిత్ర మార్గమని పేరు పెట్టాడు. ఆ పేరే ఇప్పటికీ నిలిచింది. నిద్ర లేకుండా, చలిలో, బురదలో ఆ బండ్లు నడిపినవాళ్ల పేర్లు మాత్రం చాలావరకు ఎక్కడా లేవు.

యుద్ధం ముగిశాక అమెరికన్ సైన్యం వదిలేసి పోయిన లిబర్టీ లారీలు ఫ్రాన్స్‌లో గుట్టలు పడ్డాయి. వాటిని కొని, బాగుచేసి అమ్మడంతో లూయీ విల్లెం వ్యాపారం మొదలైంది. ఆ తర్వాత పారిస్ పక్కన నాంతేర్‌లో సొంత లారీలు కట్టాడు. 1930లలో డీజిల్ ఇంజన్ వచ్చింది. ఎదువార్ బెర్నార్ ఇంగ్లాండ్‌కు చెందిన గార్డ్‌నర్ డీజిల్ ఇంజన్‌ను లైసెన్సు మీద తన బండ్లలో పెట్టాడు. బెర్నార్ లారీ ఖరీదెక్కువ, ఆగదు అన్న పేరు అప్పుడే వచ్చింది.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే వింత ఒకటుంది. ఫ్రాన్స్‌లో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనుక స్టీరింగ్ ఎడమవైపు ఉండాలి. కానీ బరువైన లారీలు కొన్నింటిలో 1950ల దాకా స్టీరింగ్ కుడివైపే ఉండేది. కొండదారుల్లో లోయ అంచుకు చక్రం ఎంత దగ్గరగా ఉందో డ్రైవర్ తల వంచి చూసుకోవడానికి అది వీలుగా ఉండేది. డ్రైవర్ అవసరం కనిపెట్టి చేసిన ఏర్పాట్లు ఆ కాలంలో తక్కువ. ఇది వాటిలో ఒకటి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ పరిశ్రమ మీద లోతైన మచ్చ వేసింది. పెట్రోలు దొరకని జర్మన్ ఆక్రమణ కాలంలో లారీలకు పెద్ద పొయ్యి కట్టి, కట్టెలు కాల్చి, ఆ గ్యాసుతో నడిపారు. బయల్దేరే ముందు పొయ్యి రాజేసుకుని, మధ్యదారిలో బూడిద తీసుకుంటూ వెళ్లడం కూడా డ్రైవర్ పనిలో చేరింది. విముక్తి తర్వాత, జర్మన్లకు సహకరించాడన్న నేరం మీద మారియుస్ బెర్లియేను 1944లో అరెస్టు చేశారు, 1946లో శిక్ష వేశారు. లియోన్ శివారు వెనిస్యూలోని అతని ఫ్యాక్టరీని ప్రభుత్వం నియమించిన నిర్వాహకుడు కార్మిక కమిటీలతో కలిసి 1949 దాకా నడిపాడు. ఆ ఐదేళ్ల ప్రయోగం ఫ్రెంచి కార్మికోద్యమ చరిత్రలో ఇప్పటికీ చర్చలో ఉన్న అధ్యాయం. బెర్లియే మీది మమకారంలో దీన్ని పక్కకు నెట్టేయడం న్యాయం కాదు. పాత లారీల వైభవం గురించి రాసేవాళ్లు చాలామంది ఆ పనే చేస్తుంటారు. మారియుస్ 1949లో చనిపోయాడు. అదే ఏడాది కంపెనీ కుటుంబం చేతికి తిరిగొచ్చింది, కొడుకు పోల్ పగ్గాలు పట్టాడు.

ఇప్పుడు అందరూ తలచుకునే స్వర్ణయుగం అక్కడి నుంచి మొదలవుతుంది. ఐదు సిలిండర్ల ఇంజన్‌తో వచ్చిన బెర్లియే జిఎల్ఆర్, విల్లెం వారి సొరముక్కు బండ్లు, ఇజోవార్, గాలిబియే, వెర్కోర్ అంటూ కొండల, కనుమల పేర్లు పెట్టుకున్న యూనిక్ లారీలు రోడ్లను ఏలాయి. వాటి రాజబాట జాతీయ రహదారి 7. పారిస్ నుంచి ఇటలీ సరిహద్దున ఉన్న మాంతోన్ వరకు 996 కిలోమీటర్లు. ఊళ్ల నడిబొడ్డు నుంచి, చెట్ల వరసల మధ్య నుంచి సాగే ఈ రోడ్డు మీద రోవాన్‌కూ లియోన్‌కూ మధ్య 760 మీటర్ల ఎత్తున పాఁ-బూషాఁ కనుమ ఉంది. అక్కడి నుంచి తరార్ పట్నంలోకి దిగే ఘాట్ అంటే డ్రైవర్లకు హడల్. నిండు లోడుతో, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పితే ఎదురుగా ఉన్నది ఊరే.

కష్టాన్ని పంచుకునే సంఘం ఈ రోడ్డే తయారు చేసింది. లారీ డ్రైవర్ల కోసం 1934లో ఫ్రాన్స్వా ద సోలియు ఒక పత్రిక పెట్టాడు. ఆ పత్రిక చుట్టూ లే రూతియే అనే వ్యవస్థ పెరిగింది. తక్కువ ధరకు కడుపునిండా శుభ్రమైన భోజనం పెట్టే హోటళ్లను ఎంపిక చేసి, వాటి గుమ్మానికి ఎరుపు నీలం గుండ్రటి బోర్డు ఇచ్చేవారు. జాతీయ రహదారి మీద మన లారీవాళ్లకు ధాబా ఎలాంటిదో వాళ్లకు ఇది అలాంటిది. ఒకే బల్ల దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్లు పక్కపక్కన కూర్చుని, సూపు, మాంసం, జున్ను, వైను వరసగా తింటూ తాగుతూ, ముందు దారిలో ఎక్కడ మంచు పడిందో, ఎక్కడ పోలీసులు ఆపుతున్నారో చెప్పుకునేవారు. బయట లారీలు ఎన్ని ఆగి ఉంటే లోపల వంట అంత బాగున్నట్టని కార్లలో వెళ్లే కుటుంబాలు కూడా నేర్చుకున్నాయి.

సినిమా ఈ జీవితాన్ని వెంటనే పట్టుకుంది. 1955 నాటి ‘గాస్-ఆయిల్’లో జాఁ గాబాఁ లారీ డ్రైవర్‌గా నడిపింది విల్లెం బండినే. 1964లో హాన్రీ వెర్న్యూయి తీసిన ‘సాఁ మీల్ దొలార్ ఒ సొలేయ్’లో బెల్మాందో, లినో వెంతురా మొరాకో ఎడారి రోడ్ల మీద బెర్లియే లారీలతో ఒకరినొకరు తరుముకుంటారు. ఆ సినిమాలో లారీలవి కూడా హీరో పాత్రలే. ఆ తరం బండ్ల బొమ్మలు ఇవాళ్టికీ జనం మనసులో నిలవడానికి ఈ రెండు చిత్రాలు చాలావరకు కారణం. యూరప్ బానెట్ లారీల రూపం మన రోడ్లకూ కొత్త కాదు. 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో జర్మన్ లైసెన్సుతో తయారైన టాటా మెర్సిడెస్ బండ్లు తెలుగు జిల్లాల్లో ధాన్యం, బొగ్గు, పొగాకు మోసినవే.

ఎడారి గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. 1956లో అల్జీరియా సహారాలోని హాసీ మెసావూద్‌లో చమురు పడింది. అక్కడికి డ్రిల్లింగ్ సామగ్రి మోయడానికి బెర్లియే 1957లో టి100 అనే రాక్షసిని కట్టింది. దాదాపు ఐదు మీటర్ల వెడల్పు, మనిషిని మించిన ఎత్తున 2.2 మీటర్ల టైర్లు, 600 హార్స్‌పవర్ కమిన్స్ ఇంజన్. అప్పటికి ప్రపంచంలో అదే అతిపెద్ద లారీ. మొత్తం కట్టినవి నాలుగే. వ్యాపారంగా చూస్తే దానివల్ల ఒరిగింది తక్కువ. ప్రదర్శనల్లో దాన్ని చూడడానికి మాత్రం జనం ఎగబడ్డారు. 1959 చివర్లో, 1960లో బెర్లియే తన గజెల్ లారీలను శాస్త్రవేత్తలతో కలిపి తెనెరె ఎడారి గుండా చాద్ వైపు పంపింది. ఆ యాత్రలో దారి తెలియడానికి ఇసుకలో పాతిన లోహపు గుర్తులను తర్వాతి యాత్రికులు ఏళ్ల తరబడి వాడుకున్నారు. అల్జీర్స్ పక్కన రూయిబాలో బెర్లియే కట్టిన ఫ్యాక్టరీ, స్వాతంత్ర్యం తర్వాత అల్జీరియా ప్రభుత్వ సంస్థగా మారి లారీలు తయారు చేస్తూ వచ్చింది. చైనాలోని చాంగ్‌చింగ్‌లో హాంగ్‌యాన్ సైనిక లారీ కూడా 1960ల బెర్లియే పరిజ్ఞానం నుంచి పుట్టిందే.

డ్రైవర్ కూర్చునే చోటు గురించి ఆలోచన 1960లలోనే గట్టిగా మొదలైంది. బెర్నార్ కంపెనీ తన కొత్త క్యాబిన్‌ను గీయమని కార్ల డిజైనర్ ఫిలిప్ షార్బొనోను పిలిచింది. పెద్ద అద్దాలతో, రెండు పక్కలా ఒకేలా లేని ముఖంతో అతను గీసిన ఆ క్యాబిన్ ఇప్పటికీ కొత్తగా కనిపిస్తుంది. కానీ అప్పటికే కంపెనీ అమెరికన్ సంస్థ మ్యాక్ చేతిలోకి పోయింది. ఆ దశాబ్దం ముగియకముందే మూతపడింది. బెర్లియే 1965లో తెచ్చిన స్ట్రాదేర్ కూడా తన కాలానికి ముందున్న బండి, అమ్మకాల్లో దెబ్బతింది. విల్లెం 1970లో దివాలా తీసింది. అందం తెలిసిన కంపెనీలే ముందు పోయాయన్నది బాధ కలిగించే నిజం.

విలీనాలు అంతకుముందే మొదలయ్యాయి. 1955లో రెనో లారీ విభాగం, లాతిల్, సోమ్యువా కలిసి సావియెం అయ్యాయి. 1966లో యూనిక్‌ను ఫియట్ కొన్నది, 1975లో అది ఇవెకోలో కలిసింది. సావియెం, వోల్వో, డాఫ్, మాగిరుస్-డాయిట్జ్ అనే నాలుగు దేశాల కంపెనీలు 1971లో జట్టుకట్టి, మధ్యతరహా లారీలకు ఉమ్మడి క్యాబిన్ చేసుకున్నాయి. ఖర్చు తగ్గింది. ముఖం చూసి పేరు చెప్పే ఆట ఆ రోజుతోనే కష్టమైంది. 1967లో సిత్రోయెన్ చేతికి, 1974లో రెనో చేతికి వెళ్లిన బెర్లియే, 1978లో సావియెంతో కలిసి రెనో వెహికుల్ ఇండస్ట్రియెల్ అయింది. 1980 నాటికి రైలింజన్ బొమ్మ పోయింది. 2001లో ఆ రెనో లారీల సంస్థ కూడా స్వీడన్ వోల్వో గ్రూపులో కలిసింది.

రోడ్డు కూడా మారింది. 1970లో లీల్ నుంచి మార్సే దాకా ఎక్స్‌ప్రెస్ రహదారి పూర్తవడంతో ఏడో నెంబరు రోడ్డు హోటళ్ల ముందు లారీలు తగ్గిపోయాయి. 1969లో యూరోపియన్ సముదాయం డ్రైవింగ్ గంటలకు పరిమితి పెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన నిబంధనతో, బండి ఎప్పుడు నడిచిందో ఎప్పుడు ఆగిందో రాసుకునే టాకోగ్రాఫ్ క్యాబిన్‌లోకి చేరింది. స్వేచ్ఛ పోయిందని డ్రైవర్లు మండిపడ్డారు. కానీ అంతకుముందు ఆ స్వేచ్ఛ పేరుతో యజమానులు వాళ్లచేత రాత్రింబవళ్లు తోలించారు, నిద్రమత్తులో ఎందరో చచ్చిపోయారు. ఆ లెక్క వేసుకోకుండా పాత రోజులను పొగడడం ఆ డ్రైవర్లకే అన్యాయం.

దూరాభార సాహసాలకు మాత్రం అప్పుడే ఇంకో దారి తెరుచుకుంది. 1973 తర్వాత చమురు ధర పెరిగి, డబ్బు పారిన గల్ఫ్ దేశాలు, ఇరాన్ యూరప్ నుంచి ఎడాపెడా సరుకు తెప్పించుకున్నాయి. రేవుల్లో ఓడలు నెలల తరబడి ఆగిపోవడంతో లారీలు యుగోస్లావియా, బల్గేరియా, టర్కీ దాటి టెహ్రాన్, బాగ్దాద్ వెళ్లేవి. ఇస్తాంబుల్‌లో లోంద్రా క్యాంపింగ్ అన్ని దేశాల డ్రైవర్లకూ మజిలీ. తూర్పు టర్కీలోని తాహిర్ కనుమ మంచులో ఎందరికో గండం. 1979 ఇరాన్ విప్లవం, మరుసటి ఏడాది మొదలైన ఇరాన్-ఇరాక్ యుద్ధం ఆ దారిని దెబ్బతీశాయి. స్వదేశంలో ఉన్నవాళ్లకు తోడు మాక్స్ మేనియే. 1972 నుంచి 1983 దాకా ఆర్‌టిఎల్ రేడియోలో రాత్రిళ్లు అతను నడిపిన కార్యక్రమం క్యాబిన్‌లో ఒంటరి మనిషికి ఇంటి కబురు అందించింది.

1990లో రెనో మాగ్నమ్ వచ్చింది. రూపకల్పనలో మార్చెల్లో గాందీనీ చేయి ఉన్న ఈ బండిలో క్యాబిన్‌ను ఇంజన్ నుంచి వేరు చేసి పైకెత్తారు, లోపల నేల చదునుగా ఉంది, డ్రైవర్ నిటారుగా నిలబడి నడవగలిగాడు. సిబిఎ వచ్చిన డెబ్భై ఐదేళ్లు దాటాక గానీ ఫ్రెంచి లారీ డ్రైవర్‌ను కేంద్రంగా పెట్టుకుని పుట్టలేదు.

పాత బండ్లను కాపాడే పని పోల్ బెర్లియే చొరవతో 1982లో లియోన్‌లో ఏర్పడిన మారియుస్ బెర్లియే ఫౌండేషన్ చేస్తోంది. దాని వాహనాలు ల మాంతెలియే గ్రామంలో ఉన్నాయి. సహారా నుంచి తిరిగొచ్చిన ఒక టి100 కూడా అక్కడే ఉంది. వ్యక్తులు కాపాడుతున్నవి ఇంకా ఎక్కువ. పొలాల్లో తుప్పుపట్టిన ఛాసిస్ కొని, దొరకని గేరు పళ్లు లేతు మీద చేయించి, చెక్క క్యాబిన్లు మళ్లీ కట్టించేవాళ్లు ఆ దేశం నిండా ఉన్నారు. లాపాలీస్ పట్నంలో 2006 నుంచి రెండేళ్లకోసారి 1950ల నాటి వేసవి ట్రాఫిక్ జామ్‌ను వేడుకగా మళ్లీ సృష్టిస్తున్నారు. కార్ల మధ్య బెర్లియేలు, యూనిక్‌లు పొగ వదులుతూ నిలబడతాయి. ఫ్రెంచి చట్టం ప్రకారం ముప్ఫై ఏళ్లు దాటిన బండికి పాత వాహనంగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. 2013లో తయారీ ఆగిపోయిన మాగ్నమ్‌లలో మొదటివి 2020కే ఆ గడువు దాటాయి. ఇప్పుడు వాటిని కొని దాచుకునే తరం, 1990లలో వాటిని నడిపిన డ్రైవర్ల కొడుకులు, కూతుళ్లది.